వానాకాలంలో అప్పడాలు ఎలా ఎండాయి?

అందరికీ నమస్కారం.

ఆడవాళ్ల వ్యాపారం గురించి మాట్లాడమంటే, "మిమ్మల్ని మీరు నమ్ముకోండి" అని చెప్పి వేదిక దిగిపోవడం తేలిక. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, నెలనెలా కిస్తీలు కడుతూ పచ్చళ్లో చీరలో అమ్ముతున్న మీకు ధైర్యం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకే ఈ రోజు ఒక మంచం గురించి, ఒక స్టవ్ గురించి చెబుతాను.

1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు డాబా మీద చేరి అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ ఛగన్‌లాల్ పరేఖ్ అనే సంఘసేవకుడి దగ్గర తెచ్చిన అప్పు. ఆ రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. ఇప్పటి లిజ్జత్ పాపడ్ అలా మొదలైంది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా నాలుగు ప్యాకెట్ల నుంచి ఒక్క గెంతులో కోట్ల దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం మొదటి ఏడాది దగ్గరే ఆగాలని ఉంటుంది.

ఆ ఏడాది వానలు మొదలయ్యాయి. అప్పడాలు ఎండవు. ఎండని అప్పడం ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నాలుగు నెలలు పని ఆగిపోయింది. ఆ నాలుగు నెలలూ వాళ్ల ఇళ్లలో ఎలాంటి మాటలు వినబడి ఉంటాయో మీరే ఊహించుకోండి. మరుసటి ఏడాది వాళ్లు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్ వెలిగించారు. బయట వాన కురుస్తున్నా పని సాగింది.

పట్టుదల అంటే ఓర్చుకోవడమని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. ఓర్పులో మనకెవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు, తల్లీ! పని ఎక్కడ ఆగిందో చూసి, ఉన్న నాలుగు రూపాయలూ అక్కడ పెట్టడం మాత్రం నేర్చుకోవాల్సిన విద్య.

ఇక నమ్మకం సంగతి. నష్టం వచ్చినా విరాళాలు అడగకూడదని వాళ్లు మొదట్లోనే అనుకున్నారు. తొలుత చౌకరకం కూడా చేసేవారు. నాణ్యత తగ్గించవద్దని, లెక్కలు సరిగా రాయమని పరేఖ్ చెప్పడంతో ఒకే మంచి రకానికి కట్టుబడ్డారు. విరిగిన అప్పడాలను ఇరుగుపొరుగుకు పంచేవారు. సరుకు మంచిదని, లెక్క సరిగా ఉందని తెలిసిన మనిషి బేరం దగ్గర తల వంచదు. ఆత్మవిశ్వాసం అద్దం ముందు నిలబడితే వచ్చేది కాదని నా అభిప్రాయం.

అన్నీ కలిసి రాలేదు కూడా. 1961లో మలాడ్‌లో శాఖ పెడితే నడవలేదు. తర్వాత అగ్గిపెట్టెలు, అగరబత్తులు ప్రయత్నించారు, అవీ నిలబడలేదు. ఆపేశారు. ఆపేయడమూ వ్యాపారంలో భాగమేనని స్ఫూర్తి ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు, ఎందుకో మరి.

ఒక విషయంలో మీరు వాళ్లకంటే మెరుగు. 80 రూపాయల కోసం వాళ్లు బయటి మనిషిని అడగాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లాలో సారా మీద పోరాడిన ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టిన తర్వాత, సంఘంలో అప్పు మన డబ్బుతో, మన తీర్మానంతో ఇచ్చుకుంటున్నాం.

భోజనాల తర్వాత మళ్లీ కూర్చుందాం. గత ఏడాది మీ పని ఏ నెలలో ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక్కొక్కరూ చెప్పండి. లెక్కల పుస్తకం తెచ్చినవారు ముందు వరుసలోకి రండి.