ఎపిసోడ్ 47: పాలు పొంగాయా, ఒలికాయా

శ్రీను: బాబీ, రికార్డవుతోందా? సరే. నమస్తే అందరికీ. ఈ వారం రెండు మైకులూ పనిచేస్తున్నాయి. పోయిన ఎపిసోడ్ గురించి దయచేసి ఎవరూ ఏమీ అనకండి.

వసుంధర: ఫ్యాను ఆపించావా?

శ్రీను: ఆపించానక్కా.

వసుంధర: అయితే ఇవాళ ఉడికి చస్తాం. కానీ.

శ్రీను: ఇవాళ్టి విషయం మీలో చాలామంది అడిగిందే. అనాథ పిల్లల హోమ్‌లో పెరిగినవాళ్ళకి 18 నిండాక బయట సొంతంగా ఒక గది చూసుకుని దిగాలంటే మనం ఎలా తోడుండాలి? ఐదు పాయింట్లు రాసుకొచ్చాను.

వసుంధర: అందులో ఛోటు సిలిండర్ ఎన్నోది?

శ్రీను: మూడోది.

వసుంధర: [నవ్వు] మన శ్రోత అనకాపల్లి మాస్టారు పందెం గెలిచారు.

శ్రీను: నవ్వుకోండి. ఐదు కిలోల సిలిండర్‌కి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అద్దె కాగితమే లేని పిల్లాడికి అదెంత పెద్ద సంగతో తెలుసా?

వసుంధర: తెలుసు. పదకొండు ఎపిసోడ్లుగా తెలుసు. ముందు ఒకటోది చెప్పు.

శ్రీను: ఒకటి, చట్టం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 46వ సెక్షన్. 18 నిండి హోమ్ వదిలే పిల్లలకి డబ్బు సాయం చెయ్యొచ్చని ఉంది. ఆఫ్టర్‌కేర్ అంటారు. 21 ఏళ్ళ వరకూ, ప్రత్యేక పరిస్థితి ఉంటే 23 వరకూ. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకి 4,000 రూపాయలు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి.

వసుంధర: ‘చెయ్యొచ్చు’ అని ఉంది చూశావా, ‘చెయ్యాలి’ అని కాదు. ఆ ఒక్క మాట మీద ఫైలు ఎన్నాళ్ళయినా కూర్చుంటుంది. అందుకని పుట్టినరోజు దాటాక కాదు, ఆర్నెల్ల ముందే అడగాలి. ఆ పుట్టినరోజైనా సరైనదా అంటే, కొందరికి అదీ కాదు. చిన్నప్పుడు దొరికినప్పుడు ఎవరో అంచనా వేసి రిజిస్టర్‌లో రాసిన తేదీ. ఆ తేదీకి పెట్టె సర్దుకోవాలి.

శ్రీను: రెండోది, గది వెతకడం.

వసుంధర: మనవాడి సంగతి చెప్పు.

శ్రీను: చెప్తాను. పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. మనవాడంటే, హోమ్ నుంచి బయటికొచ్చిన పిల్లాడు, ఫ్యాను రోజు వచ్చినవాడే. పాత శ్రోతలకి అర్థమవుతుంది. అక్క వాడికి ఆరో తరగతి నుంచి ఆదివారాలు లెక్కలు చెప్పింది.

వసుంధర: సున్నాలు వేసేవాడు. మార్కుల్లో కాదు, లెక్కల్లో. ప్రతి జవాబుకీ ఒక సున్నా ఎక్కువ.

శ్రీను: హైదరాబాద్ బోరబండలో తిరిగాం. టులెట్ బోర్డు ఉన్న ప్రతిచోటా బ్యాచిలర్స్‌కి ఇవ్వమన్నారు. ఒక ఇంటావిడ ఇస్తానంది. ఇస్తానని, ‘మీరేమిట్లు బాబూ?’ అని కులం అడిగింది. వీడు టక్కున ‘బీసీ ఏ అండీ’ అన్నాడు. ‘అందులో ఏమిట్లు?’ అందావిడ. ‘అనాథలండీ’ అన్నాడు.

వసుంధర: ఆ జాబితాలో ఉంది మరి. పదేళ్ళలోపు అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, చూసేవాళ్ళు లేక హోమ్‌లోనో స్కూల్లోనో చేరిన పిల్లల్ని బీసీ-ఏలో చేర్చారు. సర్టిఫికెట్ చదివి చెప్పాడు పాపం. తప్పేముంది?

శ్రీను: తప్పేం లేదు. ఆవిడ ముఖం చూడాలి. మర్నాడు ఫోన్ చేస్తే గది మా మేనల్లుడికి ఇచ్చేశామంది. బోర్డు మాత్రం నెల తరవాత కూడా అక్కడే వేలాడుతోంది.

వసుంధర: నువ్వు వాడికి బాబాయినని చెప్పి ఉంటే అయ్యేది.

శ్రీను: తరవాతి ఇంట్లో అదే చెప్పాను కదా. 6,500 అద్దె, రెండు నెలల అడ్వాన్సు. వచ్చే నెల ఓనరుకి మా నాన్న కనబడితే నాకో అన్నయ్యని పుట్టించినందుకు ఆయన ఏమంటాడో.

వసుంధర: [నవ్వు]

శ్రీను: కలిసి ఉండే ఏర్పాటు కూడా ఉంది. ఆరు నుంచి ఎనిమిది మందికి తాత్కాలికంగా ఇల్లు చూపించవచ్చని రూల్స్‌లో ఉంది. వీడు వద్దన్నాడు. పన్నెండేళ్ళు ముప్పై మంది మధ్య పడుకున్నాను, ఇంక చాలు అన్నాడు.

వసుంధర: అని, మొదటి వారం నిద్రపట్టక రాత్రి పన్నెండింటికి నాకు ఫోన్. ‘టీచర్, ఇక్కడ ఏం చప్పుడు లేదు’ అని. ముప్పై గురకల మధ్య పెరిగినవాడు. రేడియో పెట్టుకోరా అన్నాను.

శ్రీను: మూడోది, సిలిండర్...

వసుంధర: ఆగు. సిలిండర్ అంటే గుర్తొచ్చింది. పాల సంగతి తేల్చు ఇవాళ.

శ్రీను: అక్కా, అది ఎపిసోడ్‌లో వద్దనుకున్నాం.

వసుంధర: నువ్వనుకున్నావు. అద్దె ఇల్లయినా సరే పాలు పొంగించకుండా ఎవరైనా దిగుతారా? మీరు దిగారా?

శ్రీను: మా అమ్మ పొంగించింది. నేను నిద్రలో ఉన్నాను.

వసుంధర: చూశారా! నేను కొత్త ఇత్తడి గిన్నె కొన్నాను. అర లీటరు పాలు, బెల్లం, బియ్యం, పసుపు. అన్నీ పట్టుకెళ్ళాను. తూర్పు వైపుకి పొంగాలని స్టవ్ కూడా జరిపించాను.

శ్రీను: వాడు ఏమన్నాడు?

వసుంధర: ...వద్దు టీచర్ అన్నాడు.

శ్రీను: ఎన్నిసార్లు?

వసుంధర: మొహమాటమనుకున్నాను.

శ్రీను: మూడుసార్లు. నేను లెక్కపెట్టాను. నీ దగ్గర లెక్కలు నేర్చుకోలేదు కాబట్టి నా లెక్క కరెక్టే.

వసుంధర: ఒరేయ్, ఇంటి ఆడపడుచు చెయ్యాల్సిన పని అది. వాడికి ఎవరున్నారు? నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారు? రేపు పెళ్ళికి పిల్లనిచ్చేవాళ్ళు అడిగితే, మా గృహప్రవేశానికి ఫలానా ఆవిడ పాలు పొంగించిందని చెప్పుకోవడానికైనా ఉండొద్దా?

శ్రీను: గృహప్రవేశం ఎవరిది అక్కా?

వసుంధర: వాడిదే.

శ్రీను: మరి స్టవ్ ఎక్కడుండాలో నువ్వు చెప్పావు, పాలు నువ్వు తెచ్చావు, అగ్గిపుల్ల నువ్వు గీశావు. ముహూర్తం కూడా నీదే, తొమ్మిదీ నలభై. వాడికి తొమ్మిదిన్నరకి డ్యూటీ ఉంది. గంట పర్మిషన్ అడిగాడు, కొత్త ఉద్యోగంలో.

వసుంధర: ఆ సంగతి నాకు చెప్పలేదు.

శ్రీను: నీకు ఎవరు చెప్తారు? హోమ్‌లో పన్నెండేళ్ళు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, లైటు ఎప్పుడు ఆర్పాలో గంట కొట్టి చెప్పారు. అక్కణ్ణుంచి బయటపడితే మనం వచ్చి గంట కొట్టాం. అంతే తేడా.

వసుంధర: చాల్లే. నేనూ ఆ గంటా ఒకటేనా?

[కొంతసేపు మౌనం]

శ్రీను: అలా అనలేదు.

వసుంధర: అన్నావు. పోనీ, నేనే చెప్తాను. పాలు పొంగాయి. బాగా పొంగాయి, బర్నర్ మీద పడి మంట ఆరిపోయింది. నేను చేతులు జోడించుకున్నాను. కళ్ళు తెరిచేసరికి వీడు బనియను విప్పి స్టవ్ తుడిచేస్తున్నాడు. చెయ్యి కాలింది. ‘సారీ టీచర్, సారీ టీచర్, నేను చూసుకోలేదు’ అంటున్నాడు.

శ్రీను: అవును.

వసుంధర: పాలు ఒలికితే దెబ్బలు పడిన పిల్లాడు వాడు. పొంగడం మంచిదని వాడికి ఎవరు చెప్పారు? వాళ్ళ హోమ్ వంటింట్లో పాలు పొంగితే మర్నాడు ఎవరికో గ్లాసు తగ్గుతుంది. పండగలన్నీ చేయించేవాళ్ళం. సంక్రాంతికి ముగ్గు, ఉగాదికి పచ్చడి. ఇల్లు మారడం అనేది మాత్రం ఎప్పుడూ చూపించలేదు. హోమ్ ఎప్పుడూ ఇల్లు మారదు కదా.

శ్రీను: పరమాన్నం తిన్నాడు కదక్కా.

వసుంధర: రెండుసార్లు వేయించుకున్నాడు. మిగిలింది పైవాళ్ళకి ఇచ్చొచ్చాడు. వాడు ఎక్కువ వండేస్తున్నాడు తెలుసా? మొదటి రోజు కిలోన్నర బియ్యం పోశాడు. వంటింట్లో సాయం చేసేవాడు, అరవై మందికి ఎసరు తెలుసు. ఒక్కడికి తెలీదు.

శ్రీను: సున్నా ఎక్కువ.

వసుంధర: [నవ్వు] ఆ, అదే సున్నా. రోజూ పై వాటా వాళ్ళకి గిన్నె పట్టుకెళ్తున్నాడు. వాళ్ళు కూర ఇస్తున్నారట. మనం పరిచయం చెయ్యాలనుకున్నవాళ్ళు అన్నం మిగిలి పరిచయమైపోయారు.

శ్రీను: మూడోది, సిలిండర్. ఇంత ఎక్కువ వండితే ఐదు కిలోలు పన్నెండు రోజులే వస్తుంది, అది గమనించాలి.

వసుంధర: నాలుగు?

శ్రీను: నాలుగు, ఆధార్. వాళ్ళ ఆధార్‌లో అడ్రస్ హోమ్‌ది ఉంటుంది. బయటికి రాకముందే బ్యాంకు ఖాతా, ఆధార్, కులం సర్టిఫికెట్, టీసీ అన్నీ ఒరిజినల్స్ వాళ్ళ చేతికి రావాలి. బీరువాలో ఉన్నాయి, తరవాత తీసుకెళ్ళు అంటారు. ఒప్పుకోవద్దు. ఐదు, తాళంచెవి.

వసుంధర: అదేం పాయింటు?

శ్రీను: వాడికి 18 ఏళ్ళు వచ్చేదాకా చేతిలో ఒక్క తాళంచెవి లేదు. ట్రంకు పెట్టెకి కూడా కప్ప ఉండేది కాదు. ఓనరు చెవి ఇస్తే రోజంతా జేబులో పెట్టుకుని తడుముకున్నాడు.

వసుంధర: రెండు ఇచ్చాడు ఓనరు.

శ్రీను: ఆ. రెండోది ఎక్కడుంది?

వసుంధర: ...

శ్రీను: అక్కా.

వసుంధర: పోపుల డబ్బాలో ఉంది. మా ఇంట్లో. ఏం, జ్వరమొచ్చి పడుకుంటే తలుపెవరు తీస్తారు? లోపల గడియ పెట్టుకుని స్పృహ తప్పితే?

శ్రీను: లోపల గడియ పెడితే నీ చెవి ఎలాగూ పనికిరాదు.

వసుంధర: తెలివి.

శ్రీను: వాణ్ణి అడిగి తీసుకున్నావా?

వసుంధర: ఇచ్చాడు. నేను చెయ్యి చాపాను, ఇచ్చాడు.

శ్రీను: ...

వసుంధర: అలా చూడకు. తిరిగి ఇచ్చేస్తాను. ఈ ఆదివారం వెళ్తాను కదా.

శ్రీను: అక్కా, వాడు పోయిన వారమే తాళంకప్ప మార్చాడు.

వసుంధర: ఎవరు చెప్పారు?

శ్రీను: నేనే పక్కనున్నాను. హార్డ్‌వేర్ షాపులో.

వసుంధర: నువ్వు కొనిచ్చావా?

శ్రీను: లేదు. వాడే కొనుక్కున్నాడు. జీతం వచ్చింది.

వసుంధర: ఎంతయింది?

శ్రీను: మూడొందల ఎనభై.

వసుంధర: మోసపోయాడు. బేరం చెయ్యలేదా?

శ్రీను: రెండు చెవులూ ఉన్నాయో లేవో చూసుకున్నాడు. బేరం మర్చిపోయాడు.

వసుంధర: ఆపెయ్ బాబీ. ఆ ఫ్యాను వెయ్యి ముందు.