ర్యాంప్ మీద ఎర్ర లైటు

అందరికీ నమస్కారం.

ఈరోజు ఆదివారం. కాబట్టి ఇక్కడ అమెరికాలో, మన మినియాపొలిస్‌లో, ఈ హాలుకు వస్తూ మీలో ఎవరూ ర్యాంప్ మీద ఎర్ర లైటు దగ్గర ఆగి ఉండరు. రేపు పొద్దున ఏడున్నరకు అదే దారిలో ఆఫీసుకు బయల్దేరితే ఆ లైటు మీకోసం వెలుగుతూ ఉంటుంది. ఫ్రీవే ఎక్కబోయేవాళ్ళని ఆపి, ఒక్కొక్క కారునే వదిలే ఆ చిన్న సిగ్నల్ పేరు ర్యాంప్ మీటర్. దాని గురించి మాట్లాడమన్నారు. పాతికేళ్ళుగా నాది ట్రాఫిక్ సిగ్నళ్ళ పనే. ఇంట్లో ఈ విషయం ఎత్తితే మా పిల్లలు లేచి పైకి వెళ్ళిపోతారు. మీరు మర్యాదస్థులు, కూర్చున్నారు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ముందు వరసలో ఉన్నారు కనుక ఒక మాట. ఫ్రీవే అంటే మధ్యలో సిగ్నల్ గానీ కూడలి గానీ లేని పెద్ద రోడ్డు. మన హైదరాబాద్ ఓఆర్‌ఆర్ లాంటిదే, కాకపోతే ఇక్కడ టోలు కట్టక్కర్లేదు. పక్క వీధిలోంచి దాని మీదికి ఎక్కే దారి ర్యాంప్.

ఈ బల్ల మీద ఒక గరాటు, రెండు గ్లాసుల సోనా మసూరి బియ్యం పెట్టాను. వంటవాళ్ళను అడిగే తెచ్చాను, దొంగతనం కాదు. మొదటి గ్లాసు ఒక్కసారిగా కుమ్మరిస్తున్నాను, చూడండి. గరాటు నిండింది, గొంతు దగ్గర బియ్యం పట్టేసింది, వేలితో తట్టితే గానీ కదలడం లేదు. ఇప్పుడు రెండో గ్లాసు సన్నటి ధారగా పోస్తున్నాను. ఎక్కడా ఆగలేదు. నెమ్మదిగా పోసినదే ముందు అయిపోయింది. ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ కార్యదర్శిగా పనిచేసిన డగ్ మెక్‌డొనాల్డ్ జనానికి ఫ్రీవే రద్దీ అర్థం కావడానికి ఇలాగే బియ్యం పోసి చూపించేవారు.

అయితే బియ్యంతో పోలిక కొంతవరకే. బియ్యపు గింజకు భయం లేదు. డ్రైవరుకు ఉంది. ముందు కారు బ్రేకు లైటు కనబడగానే మనం అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే తొక్కుతాం. మన వెనకవాడు ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు. పదో కారు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోవడమే. ఈ ఆగుడు అలలాగా గంటకు 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా వెనక్కి ప్రయాణం చేస్తుంది. కార్లు ముందుకు పోతుంటే జామ్ వెనక్కి పోతుంది. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి బాట మీద 22 కార్లను ఒకే వేగంతో తిరగమన్నారు. గుంత లేదు, ప్రమాదం లేదు, సిగ్నల్ లేదు. కాసేపటికి అందులోనే జామ్ పుట్టి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

ఫ్రీవే మీద ఒక లేన్‌లో గంటకు సుమారు 2,000 కార్లు హాయిగా పోతాయి. ఆ హద్దుకు దగ్గర పడ్డాక రోడ్డు చిట్టచివరి కారు దగ్గర ఠక్కున కుప్పకూలుతుంది. ఒకసారి కూలాక అదే రోడ్డు అంతకు ముందు మోసినన్ని కార్లను కూడా మోయలేదు. మా వృత్తిలో ఇదే అసలు తలనొప్పి. సరిగ్గా ఎక్కువమందికి రోడ్డు కావలసిన గంటలోనే దాని సామర్థ్యం తగ్గిపోతుంది. లేట్ అవుతోందని అందరూ ఒకేసారి ఎక్కితే అందరికీ లేటే.

కుప్పకూలేది చాలాసార్లు ర్యాంప్ కలిసేచోటే. ఎందుకంటే పక్క వీధిలో మామూలు సిగ్నల్ ఉంటుంది. అక్కడ పచ్చ పడగానే పదిహేను కార్లు గుంపుగా ర్యాంప్ మీదికి వస్తాయి. కుడి లేన్‌లో ఒక్క కారుకు సందు దొరుకుతుంది, పదిహేనుకు దొరకదు. కానీ పదిహేనూ దూరతాయి. కుడి లేన్‌వాడు బ్రేకు వేస్తాడు, లేదా ఎడమకు తప్పుకుంటాడు, అక్కడివాడూ బ్రేకు వేస్తాడు. ర్యాంప్ మీటర్ ఈ గుంపును విడగొడుతుంది. ఒక పచ్చకు ఒక కారు, నాలుగైదు సెకన్లకో పది సెకన్లకో. ఎంతకొకసారి వదలాలో రోడ్డులో పాతిన తీగ చుట్లు చెబుతాయి. మన దగ్గర సుమారు అర మైలుకొకటి ఉంటాయి, వాటి మీదుగా ఎన్ని కార్లు పోయాయో, ఎంతసేపు కప్పి ఉంచాయో 30 సెకన్లకొకసారి కంప్యూటర్‌కు చేరుతుంది. ర్యాంప్ మీద క్యూ వీధి దాకా పెరిగితే మీటర్ చేయి వదులు చేస్తుంది.

మొదట్లో ఈ పని చేసింది యంత్రం కాదు, పోలీసు. 1963లో షికాగో ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంప్ మీద ఒక పోలీసు నిలబడి కార్లను ఆపి, లెక్క ప్రకారం వదిలాడు. మన జంట నగరాల్లో, అంటే మినియాపొలిస్, సెయింట్ పాల్‌లో 1970 నాటికి ఐ-35ఈ అనే ఫ్రీవే మీద మొదలైంది. జంట నగరాలంటే మనకు వేరే రెండు ఊళ్ళు గుర్తొస్తాయి, ఏం చేస్తాం. 2000 నాటికి ఇక్కడ సుమారు 430 ర్యాంప్ మీటర్లు ఉండేవి.

ఇక అసలు కథ. నేను 1999లో ఈ ఊరు వచ్చాను. పాత కారు, హీటర్ సరిగ్గా పనిచేసేది కాదు. పక్కన రూమ్మేట్. ర్యాంప్ మీద మా ముందు ముప్పై కార్లు. కిందికి చూస్తే ఫ్రీవే మీద కార్లు జోరుగా పోతున్నాయి. మావాడు కిటికీలోంచి చూపించి అరిచేవాడు: "రోడ్డు ఖాళీగానే ఉంది కదరా, వీడు మనల్నెందుకు ఆపాడు?" నేను చదువుకుంటున్నదే ఈ సబ్జెక్టు. మనల్ని ఆపాడు కాబట్టే అది అలా పోతోందని చెప్పేవాణ్ణి. వాడు నమ్మలేదు. నిజం చెప్పాలంటే పది నిమిషాలు దాటాక నాకూ నమ్మకం సడలేది. నష్టం కళ్ళ ముందు ఎర్రగా వెలుగుతోంది. లాభం మాత్రం జరగని జామ్. జరగనిదాన్ని ఎవరికి చూపిస్తాం?

మావాడి లాంటి వాళ్ళు మన మిన్నెసోటా రాష్ట్రమంతా ఉన్నారు. కొన్ని ర్యాంపుల మీద పది నిమిషాలకు మించి ఆగాల్సి వచ్చేది. ఒవటోనా ఊరి సెనేటర్ డిక్ డే వాళ్ళ గొంతు అందుకున్నారు. మీటర్లు తీసేయాలన్నారు. శాసనసభ మధ్యేమార్గంగా, వాటిని కొంతకాలం ఆపి ఏం జరుగుతుందో లెక్క తేల్చమని ఆదేశించింది. ఇంజనీర్లకు ఇది అవమానంగా అనిపించింది. నాకు మాత్రం అంతకన్నా గొప్ప ప్రయోగం దొరకదనిపించింది. ఒక మహానగరం మొత్తాన్ని పరీక్షకు ఎవరిస్తారు?

2000 అక్టోబర్ 16న అన్ని మీటర్లూ ఆపేశారు. డిసెంబర్ మొదటి వారం దాకా అవి వెలగలేదు. ఆపక ముందూ, ఆపాకా కొలతలన్నీ కేంబ్రిడ్జ్ సిస్టమాటిక్స్ అనే కన్సల్టింగ్ సంస్థ తీసుకుంది. మొదటి రోజు మావాడు మహా సంతోషించాడు, ర్యాంప్ మీద బ్రేకు తొక్కలేదు. పైకెక్కాక తొక్కాడు.

లెక్కలు తేలాయి. మీటర్లు లేనప్పుడు ఫ్రీవే మోసిన కార్లు 9 శాతం తగ్గాయి. ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది. ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. మీటర్ల వల్ల ఏడాదికి వెయ్యికి పైగా ప్రమాదాలు తప్పుతున్నాయని అంచనా వేశారు. ఖర్చుకు పదిహేను రెట్లు లాభమని తేల్చారు. ఒక్క ఇంధనం విషయంలోనే మీటర్లకు మార్కులు తగ్గాయి, అవి ఉంటేనే ఎక్కువ పెట్రోలు ఖర్చవుతోందని నివేదికలోనే రాశారు. నాకు ఆ నివేదిక మీద గౌరవం కలిగింది అక్కడే.

మరి ఇంజనీర్లు గెలిచినట్టేనా? సగమే. మీటర్లు తిరిగి వెలిగాయి గానీ పాత పద్ధతిలో కాదు. కొన్నిటిని వెలిగించనే లేదు. మామూలు ర్యాంప్ మీద ఎవరినీ 4 నిమిషాలకు మించి, ఒక ఫ్రీవే నుంచి ఇంకో ఫ్రీవేకు మారే చోట 2 నిమిషాలకు మించి ఆపకూడదని హద్దు పెట్టుకున్నారు. రోడ్డు ఒక్కటే బాగుండాలని చూస్తే ఇంకా బిగించవచ్చు. కానీ ఎర్ర లైటు ముందు ఖాళీగా గడిపే నిమిషం, మెల్లగానైనా కదిలే నిమిషం మనిషికి ఒకేలా ఉండవు. మా ప్రోగ్రాములు చాలాకాలం రెండిటినీ ఒకే నిమిషంగా కూడుకుంటూ వచ్చాయి. అది మా తప్పు, జనం తొందర కాదు.

ఇంకో తగాదా ఉంది, అది సమయానిది కాదు, న్యాయానిది. కృష్ణా డెల్టా నుంచి వచ్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్న రైతు తూము ఎత్తుకుని తడుపుకుంటాడు, చివరి ఆయకట్టువాడు వంతు కోసం రాత్రంతా గట్టు మీద పడిగాపులు కాస్తాడు. ఫ్రీవే కూడా అంతే. ఊరికి దూరంగా పెద్ద ఇల్లు కట్టుకున్నవాడు రద్దీ మొదలుకాక ముందే, మీటర్ లేని చోట ఎక్కేస్తాడు. ఊరి లోపల ఉండేవాడు ఎక్కేసరికి రోడ్డు అప్పటికే నిండి ఉంటుంది, మీటర్ వాణ్ణి ఆపుతుంది. పైగా వాడు వెళ్ళాల్సింది రెండు మైళ్ళు. రెండు మైళ్ళకు 4 నిమిషాలు ఆగడం, ఇరవై మైళ్ళకు 4 నిమిషాలు ఆగడం ఒకటి కాదు. ఈ గొడవ రాకూడదనే డిట్రాయిట్‌లో మొదట ఊరి నుంచి బయటికి వెళ్ళే వైపే మీటర్లు వెలిగించారు. దీనికి పూర్తి పరిష్కారం నా దగ్గర లేదు. బస్సులకూ, ఇద్దరు ఎక్కిన కార్లకూ ర్యాంప్ మీద పక్క లేన్ వదలడం కొంత నయం. మీ పక్కింటివాళ్ళ ఆఫీసు కూడా అటువైపే అయితే ఒకసారి అడిగి చూడండి.

హైదరాబాద్‌లో పెట్టవచ్చా అని ఇందాక టీ దగ్గర ఒక బాబాయిగారు అడిగారు. మీటర్ పనిచేయాలంటే రోడ్డు ఎక్కే దారులన్నీ మన చేతిలో ఉండాలి. ఓఆర్‌ఆర్‌కు అది ఉంది, కానీ అక్కడ టోల్ గేటు ఎలాగూ బండి తర్వాత బండినే వదులుతుంది. ఊళ్ళోని మామూలు రోడ్లకు ఇది మందు కాదు. పక్క సందుల్లోంచి బైకులు వస్తూనే ఉంటాయి.

చివరగా, రేపు పొద్దున పనికొచ్చేవి రెండు. పచ్చ పడ్డాక ముందు కారు వెనకాలే మీరూ దూరకండి, పచ్చ ఒక్కరికే. రెండోది, ర్యాంప్ మీద యాక్సిలరేటర్ తొక్కడానికి మొహమాటపడకండి. కిందికి చేరేసరికి పక్క లేన్ వేగం అందుకుని ఉండాలి. గంటకు ముప్పై ఐదు మైళ్ళతో నెమ్మదిగా కలిసే మర్యాదస్థుడి వల్ల మొదలైన అల మూడు మైళ్ళ వెనక ఎవరినో ఆపుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. గరాటులోని బియ్యం మాత్రం వంటవాళ్ళకు తిరిగి ఇచ్చేయాలి, పులిహోరకు సరిపోలేదట.