వెలుగును చూసి బరువు చెప్పాలంటే

అందరికీ నమస్కారం. అంతర్వేది తీర్థానికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. రాత్రిపూట దూరంగా నిలబడి చూస్తే ఏం కనబడుతుంది? జెయింట్ వీల్ రంగుల లైట్లు, అంగళ్ల ముందు ఫోకస్ లైట్లు. ఆ వెలుగును బట్టి జనం ఎంతమంది వచ్చారో చెప్పమంటే చెప్పగలమా? ఇసుకలో చాపలు పరుచుకుని పడుకున్న వేలమంది దగ్గర దీపమే ఉండదు కదా.

తొలినాటి గెలాక్సీల్లో నక్షత్రాల బరువు లెక్కగట్టేవాళ్లకు ఉన్న కష్టం సరిగ్గా ఇదే. సూర్యుడికి పది రెట్లు బరువున్న నక్షత్రం వేల రెట్లు వెలుగునిస్తుంది, రెండు మూడు కోట్ల ఏళ్లలో ఆరిపోతుంది. గెలాక్సీ బరువులో ఎక్కువ భాగం మాత్రం మసకగా వెలిగే చిన్న నక్షత్రాలదే. పెద్దవి ఒకటి ఉంటే చిన్నవి ఎన్ని ఉంటాయి? 1955లో సాల్పీటర్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాలను చూసి ఒక నిష్పత్తి ఇచ్చారు. దాని బదులు 2003లో షాబ్రియే అనే మరో శాస్త్రవేత్త ఇచ్చిన నిష్పత్తిని వాడితే, అదే వెలుగుకు బరువు దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. ఆకాశంలో ఏమీ మారలేదు, మారింది మన ఊహ ఒక్కటే! మన ఇరుగుపొరుగు లెక్కను 1300 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీకి అంటగట్టడం నాకైతే ధైర్యం చాలని పని.

అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోపు పని మొదలుపెట్టాక, 2023లో ఆరు గెలాక్సీల సంగతి పెద్ద వార్త అయింది. విశ్వం మొదలైన మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) జరిగి 50 నుంచి 70 కోట్ల ఏళ్లకే వాటిలో ఒకటి పదివేల కోట్ల సూర్యుళ్ల బరువు తూగుతోందన్నారు. అంత తొందరగా అంత బరువు ఎలా అని, విశ్వం ఎలా పెరిగిందో చెప్పే సిద్ధాంతమే కూలిపోయిందని కొందరు తొందరపడ్డారు. అప్పటికి చేతిలో ఉన్నవి ఫిల్టర్లలోంచి తీసిన ఫొటోలే. వేడి వాయువులో ఆక్సిజన్, హైడ్రోజన్ ఇచ్చే మెరుపు ఒక ఫిల్టర్‌లో పడితే ముసలి నక్షత్రాల వెలుగులా భ్రమ కలిగిస్తుంది, బరువు ఎక్కువగా లెక్కకొస్తుంది. తర్వాత వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటం తీస్తే వాటిలో ఒకటి అనుకున్నదానికన్నా దగ్గరగా తేలింది. పైగా ఆ వెలుగులో కొంత నక్షత్రాలది కాదు, నడిమధ్య ఉన్న కృష్ణబిలం చుట్టూ కాగుతున్న పదార్థానిది.

అందుకే అదే టెలిస్కోపులోని మిరి అనే పరికరం నాకు చాలా ఇష్టం. అది తరంగదైర్ఘ్యం 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షలవ వంతు) దాటిన, కంటికి కనబడని పరారుణ కాంతిని పడుతుంది. పడుచు నక్షత్రాల మిరుమిట్లు కొంత తగ్గి, ఇసుకలో పడుకున్నవాళ్ల జాడ కాస్త దొరికేది అక్కడే.