ఉరుము, మెరుపు, ఒక పాత ఇరుసు: టొయోటా ఏఈ86 కథ

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. 1983 మే నెలలో జపాను మార్కెట్టులోకి వచ్చిన ఒక చిన్న స్పోర్ట్స్ కూపే, అంటే పక్కకి ఒక్కో తలుపే ఉండే కారు గురించి ఈ వారం మాట్లాడుకుందాం. టొయోటా సంస్థ దానికి కొరోలా లెవిన్ అనీ, స్ప్రింటర్ ట్రూయెనో అనీ రెండు పేర్లు పెట్టింది గానీ, అభిమానులు మాత్రం దాన్ని ఏఈ86 అనే ఛాసిస్ సంకేతంతోనే పిలుస్తారు. మాకు ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చెప్పిన మాస్టారు ఈ రోజు స్టూడియోకి వచ్చారు. అధ్యాపకులు కావడానికి ముందు ఆయన జపానులోని నాగోయా నగరం దగ్గర నాలుగేళ్లు ఉద్యోగం చేశారు. మాస్టారూ, నమస్కారం.

మాస్టారు: నమస్కారం అమ్మా. తరగతిలో గేర్ల లెక్కలు చెప్పేటప్పుడు కూడా నేను ఈ కారు ప్రస్తావన తెచ్చేవాణ్ని, నీకు గుర్తుండే ఉంటుంది.

వ్యాఖ్యాత: బాగా గుర్తుంది మాస్టారూ. ముందుగా ఆ పేర్ల సంగతి చెప్పండి. ఒకే కారుకి రెండు పేర్లెందుకు?

మాస్టారు: ఆ రోజుల్లో టొయోటా తన కార్లను జపానులో వేర్వేరు దుకాణాల ద్వారా అమ్మేది. ఒక వరుస దుకాణాల్లో లెవిన్, మరో వరుసలో ట్రూయెనో దొరికేవి. లోపలి యంత్రమంతా ఒకటే. లెవిన్‌కి ముందు దీపాలు మామూలుగా బిగించి ఉంటాయి, ట్రూయెనోకి మాత్రం బానెట్‌లో ముడుచుకుని ఉండి, వెలిగించినప్పుడు పైకి లేస్తాయి. లెవిన్ అంటే పాతకాలపు ఇంగ్లీషులో మెరుపు, ట్రూయెనో అంటే స్పానిష్‌లో ఉరుము. ఉరుములు, మెరుపులు అని మనం జంటగా అంటామే, ఆ జంట 1972లోనే మొదటి తరం లెవిన్, ట్రూయెనోలతో మొదలైంది. ఇక ఏఈ86లో ‘ఏ’ ఇంజను కుటుంబానికీ, ‘ఈ’ కొరోలా వంశానికీ, ఎనిమిది ఆ తరానికీ, ఆరు ఆ తరంలోని ఈ రకానికీ గుర్తులు. జపానీయులు దీన్ని ‘హచిరోకు’ అంటారు. ఎనిమిది, ఆరు అని అర్థం, అంతే.

వ్యాఖ్యాత: కాగితం మీద చూస్తే 1,587 సీసీ ఇంజను, 130 హార్స్‌పవర్. ఇప్పటి వాళ్లకి ఇది పెద్ద అంకెలా కనిపించదు. మరి ఇంత పేరు ఎలా వచ్చిందంటారు?

మాస్టారు: దానికి సమాధానం ఇంజనులో కన్నా వెనక ఇరుసులో ఉందని నా నమ్మకం. 1983 నాటికి ప్రపంచంలోని చిన్న కార్లు చాలావరకు ముందు చక్రాల డ్రైవ్‌కి మారిపోతున్నాయి. ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పితే, వెనక్కి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు అక్కర్లేదు, లోపల చోటు పెరుగుతుంది, బరువూ ఖర్చూ తగ్గుతాయి. మన దేశంలో అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా ముందు చక్రాల డ్రైవ్ బండే కదా. అయిదో తరం కొరోలా సెడాన్లు ఆ దారిలోనే వెళ్లాయి. కానీ ఈ కూపేని మాత్రం పాత తరం అమరిక మీదే కొనసాగించారు. అంటే, ఇంజను కారు పొడవు దిశలో ముందుంటుంది, శక్తి వెనక చక్రాలకి వెళుతుంది, వెనకవైపు రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి ఇరుసు ఉంటుంది.

వ్యాఖ్యాత: మన అంబాసిడర్‌లో ఉన్నట్టుగానా?

మాస్టారు: మూలసూత్రం అదే. అయితే అంబాసిడర్ ఇరుసు కమాన్ పట్టీల మీద కూర్చుంటే, దీని ఇరుసుకి చుట్ట స్ప్రింగులు, నాలుగు లింకులు, అటూ ఇటూ జరగకుండా ఆపే ఒక అడ్డ కడ్డీ ఉంటాయి. ముందువైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అమరిక, అంటే ఒక్కో చక్రానికీ స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన ఒకే కాడ. ఇందులో గొప్ప ఆవిష్కరణ అంటూ ఏమీ లేదు, ఏ ఊళ్లో మెకానిక్ అయినా కింద పడుకుని చూసి అర్థం చేసుకోగలిగినంత సరళం. ఆ సరళత మీద ఒక మంచి ఇంజనును పెట్టారు. 4ఏ‑జీఈ అనే ఆ ఇంజను సిలిండరు వ్యాసం 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 77. వ్యాసం కన్నా స్ట్రోకు తక్కువ కనుక వేగంగా తిరగడానికి అనువైన నిర్మాణం. రెండు కామ్‌షాఫ్టులు, వాటితో తెరుచుకునే పదహారు వాల్వులు ఉన్న దాని హెడ్డు (ఇంజను పై భాగం) రూపకల్పనలో యమహా చేయి ఉంది.

వ్యాఖ్యాత: గాలి దారులను మూసే ఏర్పాటు గురించి మీరు తరగతిలో బొమ్మ గీసి చెప్పారు.

మాస్టారు: అవును. ఒక్కొక్క సిలిండరుకి గాలి వెళ్లే దారులు రెండేసి ఉంటాయి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ వాటిలో ఒకదాన్ని ఒక చిన్న రెక్క మూసి ఉంచుతుంది. పైపు సన్నబడితే నీళ్లు జోరుగా వచ్చినట్టు, మిగిలిన దారిలో గాలి వేగం పెరిగి ఇంధనం బాగా కలుస్తుంది. నిమిషానికి నాలుగు వేల పైచిలుకు చుట్లు దాటగానే రెక్కలు తెరుచుకుంటాయి. ఆ క్షణంలో కారు గొంతు మారిపోతుంది. నేను దాన్ని చెవులారా విన్నాను.

వ్యాఖ్యాత: ఆ అనుభవం వివరంగా చెప్పండి మాస్టారూ.

మాస్టారు: 2001లో మా విభాగంలో పనిచేసే ఒక సీనియర్‌కి వెనక తలుపుతో కలిపి మూడు తలుపుల ట్రూయెనో ఉండేది. ఒక ఆదివారం తెల్లవారుజామున ఆయన నన్ను ఐచి ప్రాంతంలోని మికావా కొండలకి తీసుకెళ్లారు. మన ఘాట్ రోడ్లలాంటి దారి, ఒక పక్క సీడరు చెట్లు, ఇంకో పక్క లోయ. ఇంకా చీకటిగానే ఉంది. ఆయన మీట నొక్కగానే బానెట్ మీద రెండు మూతలు చిన్న మోటారు చప్పుడుతో లేచి నిలబడ్డాయి, సీట్లో కూర్చున్న నాకు వాటి అంచులు కనిపించాయి. సీటు ఎంత కిందికి ఉందంటే చేయి చాపితే రోడ్డు తగులుతుందేమో అనిపించింది. తలుపు రేకు పలచగా ఉంది, గేరు మీట ఇంజనుతో పాటు సన్నగా వణుకుతోంది. మొత్తం కారు బరువు సుమారు 940 కిలోలు. ఆయన మూడో గేరులో మలుపు వైపు వెళ్లి బ్రేకు మీద కాలు పెట్టగానే బరువంతా ముందుకి వాలింది, వెనక చక్రాలు తేలికయ్యాయి, స్టీరింగ్ కొద్దిగా తిప్పితే చాలు, కారు వెనక భాగం తనంతట తాను బయటి వైపు జరగడం మొదలుపెట్టింది. ఆయన కంగారు పడకుండా స్టీరింగును ఎదురు దిక్కుకి తిప్పి, యాక్సిలరేటరుతోనే ఆ జారుడును అదుపులో పెట్టుకుని మలుపు దాటించారు. అప్పుడు మా వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటలేదు.

వ్యాఖ్యాత: అంత తక్కువ వేగంలోనా?

మాస్టారు: అదే ఈ కారు ప్రాణం అమ్మా. ఎక్కువ శక్తి ఉన్న కారులో తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు. ఇందులో శక్తి తక్కువ, టైర్లు సన్నవి, జారుడు నెమ్మదిగా మొదలవుతుంది, ప్రతి కదలికా నడుముకీ అరచేతులకీ ముందే తెలుస్తుంది. వేగం పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడానికి ఈ ఇంజనుకి ఓపిక చాలదు గనక, వేగాన్ని పోగొట్టుకోకుండా మలుపు తిరగడం నేర్చుకోక తప్పదు. ఇలా కావాలని జారుతూ మలుపు తిరగడాన్నే డ్రిఫ్ట్ అంటారు. డ్రిఫ్ట్ కింగ్ అని పేరు పొందిన జపాను రేసరు కెయిచి త్సుచియా కొండ దారుల్లోనూ రేసుల్లోనూ ఈ కారునే నడిపి పేరు తెచ్చుకున్నారు. జారుడును రేసుల్లో ముందుగా ఒక విద్యలా చూపించిన వారు 1970లలో కునిమిత్సు తకహాషి, ఆయన శైలి చూసి స్ఫూర్తి పొందినవారు త్సుచియా.

వ్యాఖ్యాత: జపాను బయట కూడా గెలిచిందా?

మాస్టారు: బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్‌లో క్రిస్ హాడ్జెట్స్ ఈ కారుతోనే 1986లోనూ 1987లోనూ వరసగా టైటిల్ గెలిచారు. అక్కడ ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులు ఉండేవి, తన తరగతిలో నిలకడగా గెలిచిన చిన్న కారు మొత్తం టైటిలునే తీసుకెళ్లగలిగేది. అదే 1987లో దీని ఉత్పత్తి ఆగిపోయింది. తరవాతి తరం లెవిన్, ట్రూయెనోలు ముందు చక్రాల డ్రైవ్‌కి మారిపోయాయి.

వ్యాఖ్యాత: తెలుగు కుర్రకారులో చాలామందికి ఈ కారు బొమ్మల కథ ద్వారానో, వీడియో గేముల ద్వారానో పరిచయం.

మాస్టారు: షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన ‘ఇనిషియల్ డి’ గురించేగా నువ్వంటున్నది. గున్మా ప్రాంతంలోని హరునా కొండను పోలిన కొండ మీద, తండ్రి దుకాణం కోసం తెల్లవారుజామున టోఫు (సోయా పనీర్) చేరవేసే కుర్రవాడు, తెలుపు నలుపు ట్రూయెనో, కారులో పెట్టిన, తొణకకూడని ఒక నీళ్ల గ్లాసు. ఆ కథ రాకముందు వీధి మెకానిక్కులూ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలూ చవకగా కొనుక్కునే పాత కారు ఇది. కథ వచ్చాక ధరలు పెరుగుతూ పోయాయి. మరోపక్క జారుడు పోటీల్లో గోడలకి కొట్టుకుని ఎన్నో కార్లు నాశనమయ్యాయి, మిగిలిన వాటి వెనక చక్రాల పై అంచులను తుప్పు తినేసింది. కొత్త డ్రైవరుకి పాఠం చెప్పగల కారు ఇప్పుడు కొత్త డ్రైవరుకి అందని ధర పలకడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: టొయోటా 2012లో 86 అనే పేరుతోనే మరో కూపే తెచ్చింది కదా, అది ఆ లోటు తీర్చలేదా?

మాస్టారు: చాలావరకు తీర్చింది. తెత్సుయా తదా ప్రధాన ఇంజనీరుగా, సుబారుతో కలిసి చేసిన కారు అది. పెద్ద టైర్లు వేసి పట్టు పెంచే బదులు, టొయోటా వారి ప్రియస్ అనే హైబ్రిడ్ కారుకి వాడిన రకం, పట్టు తక్కువ టైర్లతోనే అమ్మారు. జారుడు చిన్న వేగంలోనే మొదలవ్వాలన్న పాత ఆలోచనను వాళ్లు కావాలనే నిలుపుకున్నారు. ఇంజనీరుగా నేను ఆ నిర్ణయానికి నమస్కరిస్తాను. అయితే దాని బరువు పాత కారు కన్నా సుమారు 300 కిలోలు ఎక్కువ, ఇప్పటి భద్రతా నిబంధనల వల్ల అది తప్పదు.

వ్యాఖ్యాత: పాత కార్లకి విడిభాగాలు దొరుకుతున్నాయా?

మాస్టారు: 2021లో టొయోటా స్వయంగా కొన్ని భాగాలను మళ్లీ తయారుచేస్తామని ప్రకటించింది. వెనక బ్రేకు కాలిపర్, ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ నకిల్ ఆర్మ్, వెనక ఇరుసులోని డ్రైవ్ షాఫ్టు అందులో ఉన్నాయి. 2023 జనవరిలో టోక్యో ఆటో సెలూన్ అనే కార్ల ప్రదర్శనలో రెండు ప్రయోగాత్మక ఏఈ86లను కూడా చూపించారు. ట్రూయెనోలో పాత ఇంజనునే మార్చి హైడ్రోజన్‌తో నడిచేలా చేశారు, లెవిన్‌ను బ్యాటరీ కారుగా మార్చారు. బ్యాటరీ కారుకి అవసరం లేకపోయినా ఆ లెవిన్‌లో క్లచ్చు, చేతి గేర్లు అలాగే ఉంచారు.

వ్యాఖ్యాత: మీ సీనియర్ గారి ట్రూయెనో ఇప్పుడు ఎక్కడుంది మాస్టారూ?

మాస్టారు: ఇంకా ఆయన దగ్గరే ఉంది. కొత్తగా వచ్చిన నకిల్ ఆర్మ్‌లు వేయించాక ఆయన నాకు ఒక ఫోటో పంపారు. నలభై ఏళ్ల మసిబారిన ఇనుము మధ్యలో ఆ కొత్త ముక్క ఒక్కటే తళతళా మెరుస్తోంది. కింద ఒక్క వాక్యం రాశారు, ఈసారి వస్తే స్టీరింగు నా చేతికే ఇస్తారట.