వియ్యంకులిద్దరి ఇన్సూరెన్స్ కార్డులు: గుంటూరు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? డల్లాస్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది, నాకింకా జెట్‌లాగ్ వదల్లేదు. పొద్దున ఆరున్నర, గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండా. ఈసారి మామగారు కూడా మాతో వచ్చారు. అదిగో, నాన్నా ఆయనా కాఫీ గ్లాసులతో కూర్చున్నారు. రాజకీయాలు అనుకుంటున్నారా? కాదు, ఇన్సూరెన్స్!

నాన్నకు 72. బీరువాలోంచి పట్టుచీరల షాపు కవరు తెచ్చారు, అందులో రబ్బరు బ్యాండు వేసిన పాలసీ కాగితాలు. అసలు పాలసీ 3 లక్షలది. పోయినేడాది రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు. మొదటి బిల్లు 2 లక్షల 60 వేలు, రెండోది 2 లక్షల 10 వేలు. పాలసీ 3 లక్షల దగ్గర ఆగింది, మిగతా లక్షా 70 వేలు చేతి డబ్బే. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. "దూరాన ఉన్నావు, టెన్షన్ పడతావని చెప్పలేదమ్మా" అంటారు. ఏం చెయ్యమంటారు చెప్పండి!

తిరకాసు ఏంటంటే, ఆయన దగ్గర టాప్-అప్, అంటే అసలు పాలసీ మీద అదనంగా తీసుకునే పాలసీ కూడా ఉంది. 3 లక్షలు దాటితే ఇస్తామన్నదే. కానీ టాప్-అప్ ఒక్కో బిల్లునీ విడివిడిగా చూస్తుంది. రెండింటిలో ఏదీ 3 లక్షలు దాటలేదు కాబట్టి రూపాయి రాలేదు. అదే సూపర్ టాప్-అప్ అయితే ఏడాది బిల్లులన్నీ కలుపుతుంది. 4 లక్షల 70 వేలలో మూడు పోను మిగిలింది అదే ఇచ్చేది. పేరులో 'సూపర్' ఉందని, ఖరీదెక్కువేమోనని అప్పుడు వద్దన్నారట!

సరే, ఇప్పుడు తీసుకుందామని ఫారం తెరిచాను. కొత్త పాలసీ తీసుకోవడానికి 2024 ఏప్రిల్ నుంచి 65 ఏళ్ల గీత లేదు, అయినా ఏ వయసు దాకా ఇస్తారన్నది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. షుగర్ దగ్గరికి రాగానే నాన్న, "లేదని కొట్టెయ్, ప్రీమియం పెంచుతారు" అన్నారు. నేను ఉందనే రాశాను. ఉన్న జబ్బుకి వెయిటింగ్, అంటే దానికి క్లెయిమ్ ఇవ్వని కాలం, మహా అయితే మూడేళ్లు. దాచిపెట్టి క్లెయిమ్ రోజు దొరికిపోతే అసలుకే మోసం.

70 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఉంది. 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షలు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. ఆసుపత్రి వాళ్ల జాబితాలో ఉండాలి, అంతే. అమ్మకు 66. "నాకింకా వయసు రాలేదు" అని పెసరట్లు వడ్డిస్తూ ఒకటే నవ్వు.

"మాదీ ఇలాంటిదే బావగారూ" అని మామగారు పర్సు తీశారు. అమెరికాలో పెద్దవాళ్లకు ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్. అది డాక్టరు బిల్లులో మామూలుగా 80 శాతం కడుతుంది, మిగతా 20 కోసం మెడిగ్యాప్ అనే ప్రైవేటు పాలసీ విడిగా కొనుక్కోవాలి. 65 దాటి పార్ట్ బి, అంటే మెడికేర్‌లో డాక్టరు బిల్లులు చూసే భాగం, మొదలైన ఆరు నెలల్లోపు అడిగితే ఏ జబ్బున్నా కాదనకూడదు. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం గురించి ఆరా తీస్తారు, కాదని కూడా అనొచ్చు. మామగారు గడువులోనే మెడిగ్యాప్‌లో ప్లాన్ జి అనే రకం తీసుకున్నారు.

"మరి ఇక్కడ కాలు జారితే?" అన్నారు నాన్న.

మెడికేర్ ఇక్కడ పనికిరాదు. ప్లాన్ జి మాత్రం ఎమర్జెన్సీ అయితే, మొదటి 250 డాలర్లు మనం కట్టుకున్నాక 80 శాతం ఇస్తుంది, జీవితం మొత్తానికి 50 వేల డాలర్ల దాకా. అదీ ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వస్తేనే.

మామగారి మొహం చూడాలి! లేచి వెళ్లి గోడ క్యాలెండర్ ముందు నిలబడి వేళ్లు మడుస్తున్నారు. రిటర్న్ టికెట్ 75వ రోజుకి ఉంది మరి. నాన్నేమో వెనక నుంచి, "ఆ పదిహేను రోజులూ వరండా దిగకండి బావగారూ" అంటున్నారు.