వెయిట్ సున్నా చేసినా ఖాళీ కాని సర్వర్

అందరికీ నమస్కారం. స్లైడ్లు తేలేదు. కమాండ్లు నోటితోనే చెబుతాను, చిన్నవే.

లోడ్ బ్యాలెన్సర్ అంటే వచ్చే కనెక్షన్లని కొన్ని సర్వర్లకి పంచేది అని ఇక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు, అంతకుమించి దాని జోలికి పోను. నేను మాట్లాడేది లైనక్స్ గుండెకాయ లాంటి కర్నెల్‌లోనే ఉండి ఆ పంపకం చేసే ఐపీవీఎస్ గురించి. చైనాలో వెన్‌సాంగ్ జాంగ్ 1998లో మొదలుపెట్టిన లైనక్స్ వర్చువల్ సర్వర్ ప్రాజెక్టులోంచి వచ్చింది ఇది. దీన్ని నడిపే కమాండ్‌ని మేమంతా ‘ఐపీవీఎస్ అడ్మిన్’ అంటాం కానీ, టైప్ చేసేటప్పుడు చివర ‘ఇన్’ ఉండదు, ‘ఏడీఎం’తో ఆగిపోవాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటి ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అక్కడే వస్తుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పదకొండు దాటింది. నాలుగు వెబ్ సర్వర్లలో మూడో దానికి ప్యాచ్ వెయ్యాలి. దాన్ని చిన్న డీతో డిలీట్ చెయ్యకూడదని అప్పటికే తెలుసు. డిలీట్ చేస్తే, మామూలు సెట్టింగుల్లో, అప్పటికే నడుస్తున్న కనెక్షన్ల ప్యాకెట్లు చప్పుడు లేకుండా పడిపోతాయి. అవతలివాడి బ్రౌజర్ అలా తిరుగుతూనే ఉంటుంది. పెళ్లి భోజనాల్లో బంతి ఆపాలంటే కొత్తవాళ్లని కూర్చోబెట్టం, అంతేగాని తింటున్నవాళ్ల విస్తరి లాగెయ్యం కదా! అందుకే ఎడిట్ కోసం హైఫన్ ఈ, చివర హైఫన్ డబ్ల్యూ సున్నా. వెయిట్ అంటే కొత్త కనెక్షన్లలో ఆ సర్వర్‌కి ఇచ్చే వాటా. అది సున్నా అయితే కొత్త కనెక్షన్లు రావు, పాతవి వాటి పని ముగించుకుని పోతాయి. పుస్తకం చెప్పేది ఇంతే.

ఇక లిస్ట్ కోసం పెద్ద ఎల్, చిన్న ఎన్ ఇచ్చి చూస్తూ కూర్చున్నాను. ఆ ఎన్ మాత్రం మరవకండి. అది లేకపోతే ప్రతి ఐపీకీ పేరు కోసం డీఎన్ఎస్‌ని అడుగుతుంది. డీఎన్ఎస్ పడిపోయిన రోజున స్క్రీన్ ముందు గుడ్లప్పగించి కూర్చోవాలి. సరే, యాక్టివ్ కనెక్షన్ల కాలమ్ మూడొందల చిల్లర నుంచి దిగుతూ వచ్చింది. నూట యాభై దగ్గర ఆగింది. తర్వాత మెల్లగా పెరగడం మొదలైంది. వెయిట్ చూస్తే సున్నానే! టెన్షన్‌లో వేరే సర్వర్‌కి కొట్టానేమోనని మూడుసార్లు చూసుకున్నాను.

పెద్ద ఎల్, చిన్న ఎన్, చిన్న సీ కలిపి ఇస్తే ఒక్కో కనెక్షన్ విడిగా కనిపిస్తుంది. అందులో కొన్ని వరుసల్లో క్లయింట్ పోర్టు, అంటే అవతలి మిషన్‌లో కనెక్షన్ బయల్దేరిన తలుపు నంబరు, సున్నా అని ఉంది. పోర్టు సున్నా నుంచి ఎవరు వస్తారండీ? అవి కనెక్షన్లు కావు, పర్సిస్టెన్స్ టెంప్లేట్లు. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు, ఫలానా ఐపీకి ఫలానా సర్వర్ అని ఆపిపెట్టిన చోట్లు. సమయం చెప్పకపోతే 300 సెకన్లు. దాని గడువు దిగుతూ ఉంటుంది, అదే ఐపీ నుంచి ఇంకో కనెక్షన్ రాగానే మళ్లీ మొదటికొస్తుంది. వెయిట్ సున్నా అయినా సరే, కర్చీఫ్ ఉన్నవాడికి సీటు దొరుకుతుంది. పైగా మొబైల్ నెట్‌వర్క్‌లలో ఎంతోమంది ఒకే ఐపీ వెనకాల ఉంటారు. ఆ ఐపీ ఐదు నిమిషాలు ఊరుకోవడమంటూ ఉండదు.

దీనికి కర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో ‘ఎక్స్‌పైర్ క్వైసెంట్ టెంప్లేట్’ అని ఒక మీట ఉంది. మామూలుగా సున్నాలో ఉంటుంది, ఒకటి చేస్తే వెయిట్ సున్నా అయిన సర్వర్‌కి వేసిన కర్చీఫ్‌లు చెల్లవు. ఒకటి చేశాను, సర్వర్ ఖాళీ అయింది. పొద్దున్నే అప్లికేషన్ వాళ్లు గొడవకి వచ్చారు. లాగిన్ సెషన్లు ఆ సర్వర్ మెమరీలోనే ఉండేవి, అందరూ మళ్లీ లాగిన్ అవ్వాల్సి వచ్చింది. నా మాట అప్పుడూ ఇప్పుడూ ఒకటే: సెషన్లు అందరికీ అందే చోట, రెడిస్ లాంటి డేటా స్టోర్‌లో పెట్టుకోండి. సర్వర్‌ని ఎప్పుడు తీసినా ఎవరికీ తెలియకూడదు.

ఆ రాత్రి తప్పు ఇంకోటి ఉంది, అది పూర్తిగా నాదే. ప్యాచ్ వేసి, సర్వర్‌ని వెనక్కి పెడుతూ హైఫన్ ఎం మర్చిపోయాను. ప్యాకెట్లని ఎన్ఏటీ, అదే నాట్ పద్ధతిలో పంపమని చెప్పేది అదే. ఎడిట్ అన్నాం కదా, చెప్పనివి ఉన్నట్టే ఉంటాయనుకుంటాం. ఉండవు. ఫార్వర్డింగ్ చెప్పకపోతే, ప్యాకెట్ మీది అడ్రస్ మార్చకుండా పంపే డైరెక్ట్ రూటింగ్ అని తీసుకుంటుంది, వెయిట్ చెప్పకపోతే ఒకటి. మాది నాట్ పద్ధతి, ఆ అడ్రస్‌ని సర్వర్ అడ్రస్‌గా మార్చి పంపేది. ఫార్వర్డ్ కాలమ్‌లో నాట్‌కి గుర్తుగా ‘మాస్క్’ అని మూడు వరుసలు, వాటి మధ్య ‘రూట్’ అని ఒకటి. బయటివాళ్లకి కనిపించే వర్చువల్ ఐపీ తనది కాదు కాబట్టి సర్వర్ వచ్చిన ప్యాకెట్‌ని వచ్చినట్టే పడేసింది. ఇరవై నిమిషాలు ఫైర్‌వాల్‌ని తిట్టాను.

అప్పటి నుంచి దేని మీదైనా చెయ్యి వేసేముందు ఐపీవీఎస్ఏడీఎం హైఫన్ సేవ్ అనే కమాండ్‌తో టేబుల్ మొత్తాన్ని తేదీ పేరుతో ఫైల్లోకి దింపుతాను. ఈ టేబుల్ కర్నెల్ మెమరీలో ఉంటుంది, మిషన్ రీబూట్ అయితే పోయినట్టే. రీబూట్ దాకా కూడా అక్కర్లేదు. ఇందాక చెప్పిన చిన్న సీ ఉంది చూశారూ, దాని బదులు ఒక్క పెద్ద సీ ఇస్తే టేబుల్ మొత్తం తుడుచుకుపోతుంది. ‘నిజంగానా?’ అని కూడా అడగదు.

ఈ ల్యాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మిషన్లు నడుస్తున్నాయి. ఎవరైనా ఒకరు ముందుకొచ్చి ఆ పెద్ద సీ కొట్టండి. సేవ్ చేసిన ఫైల్‌తో మళ్లీ నిలబెట్టడానికి నాకెంతసేపు పడుతుందో మిగతావాళ్లు వాచీ చూసి చెప్పండి.