బండి మనది, ఆర్డర్ యాప్‌ది

శ్రోతలకు నమస్కారం.

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో మధ్యాహ్నం పూట చూడండి. హోటళ్ల ముందు బైకులు ఆపుకుని, ఫోన్ వంకే చూస్తూ డెలివరీ కుర్రాళ్లు నిలబడి ఉంటారు. బండి వాళ్లదే, పెట్రోలూ వాళ్లదే. ఏ ఆర్డర్ ఎవరికి, దానికి ఎంత అన్నది మాత్రం యాప్ తేలుస్తుంది. ఫిర్యాదు పడిందా, ఐడీ బ్లాక్. ఇంతా చేస్తే కంపెనీ కాగితాల్లో అతను ఉద్యోగి కాదు, పార్ట్‌నర్. లాభంలో వాటా అడిగి చూడమనండి!

ఉద్యోగి అని తేలితే కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ లాంటి హక్కులు అడగొచ్చు. తేలకపోతే లేదు. గొడవంతా అక్కడే.

ఈ పేచీ యాప్‌లతో పుట్టింది కాదు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసును సుప్రీంకోర్టు 1973లో తేల్చింది. అక్కడి దర్జీలకు కుట్టినదాన్ని బట్టే కూలి. కావాలంటే వేరేచోటా కుట్టుకోవచ్చు. అందుకని వాళ్లు మా ఉద్యోగులు కారన్నాడు యజమాని. కోర్టు ఒప్పుకోలేదు. మిషన్లు చాలావరకు షాపువే. పైగా కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం యజమానికుంది. ఇదీ అజమాయిషీయే అంది. మరి యాప్‌లో కస్టమర్లు ఇచ్చే రేటింగ్‌ని ఏమనాలి?

ఆ ప్రశ్న గట్టిగా అడిగేలోపే కొత్త చట్టం వచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పని చేసి సంపాదించేవాడే గిగ్ వర్కర్ అని అందులో రాశారు. మన డెలివరీ కుర్రాళ్లు ఈ లెక్కలోకే వస్తారు. కోర్టు విచారించి తేల్చాల్సినదాన్ని నిర్వచనంలోనే తేల్చేశారని నా అభిప్రాయం.

అలాగని చట్టం వట్టి చేతులు చూపలేదు. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలి. ఆ మొత్తం వర్కర్లకు చెల్లించేదాంట్లో 5 శాతం దాటకూడదు. ప్రమాద బీమా, ఆరోగ్యం, ప్రసూతి వంటి పథకాలకు అందులో చోటుంది. కనీస వేతనం ఊసు మాత్రం లేదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఊబర్ డ్రైవర్లకు కనీస వేతనం, జీతంతో కూడిన సెలవు హక్కులున్నాయని చెప్పింది. అక్కడ కాంట్రాక్టులో రాసిన మాటకన్నా పని నడిచే తీరునే చూశారు.

మన కుర్రాళ్లు ఈలోగా ఆధార్‌తో కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పదహారేళ్లు నిండితే చాలు. యాప్‌లో వచ్చే చెల్లింపులు, ఐడీ బ్లాక్ చేసినట్టు వచ్చే మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఐడీ పోతే అవి మళ్లీ తెరుచుకోకపోవచ్చు.